విపత్తు వేళ మనోబలం – ఆయుర్వేద దృక్పథం

ఇటీవలి కాలంలో ఒక కొత్త తరహా శిక్షణను గురించి తరచుగా వింటున్నాము. వాతావరణ మార్పుల విషయంలో శ్రద్ధ కలిగిన యువతీయువకులను ఎంపిక చేసి, కొన్ని నెలలపాటు భృతి ఇచ్చి, తుఫానులకు, వరదలకు, కరవులకు, వడగాలులకు గురయ్యే ప్రాంతాలకు పంపుతున్నారు. దీనిని ఫెలోషిప్ అంటున్నారు. చెట్లు నాటించడం, చెరువుల పూడిక తీయించడం వంటి పనులతోపాటు ఇప్పుడు మరొక బాధ్యతను కూడా వారిపై ఉంచుతున్నారు. అది దెబ్బతిన్న ప్రజల మనస్సులను నిలబెట్టడం. కూలిన ఇంటిని ప్రభుత్వం కట్టించవచ్చును, కూలిన ధైర్యాన్ని ఎవరు కట్టిస్తారు అన్న ప్రశ్నలో నుంచి ఈ ఆలోచన పుట్టింది.

మా వీధిలోని ఒక అమ్మాయి, వ్యవసాయశాస్త్రంలో పట్టభద్రురాలు, ఇటువంటి శిక్షణకు ఎంపికై, బయలుదేరే ముందు నా వద్దకు వచ్చింది. "తాతగారూ, నిద్ర పట్టనివారికి, గుండెదడ అనేవారికి ఇవ్వడానికి మంచి చూర్ణం ఏదైనా చెప్పండి, సంచిలో పెట్టుకుపోతాను" అన్నది. చూర్ణం సంగతి తరువాత చూద్దాము, ముందు కూర్చోమ్మా అన్నాను. ఆమెతో మూడు సాయంకాలాలు మాట్లాడిన విషయాలే ఈ వ్యాసానికి ఆధారం. పిల్లలు ఇటువంటి పనులకు వెళుతుంటే బెంగపడే తల్లిదండ్రులకు, ఏటా తుఫాను వార్తలు వింటూ కాలం గడిపే కోస్తా కుటుంబాలకు కూడా ఇవి ఉపకరిస్తాయని భావిస్తున్నాను.

చరకుడు ఎరిగిన సంగతి

చరకసంహిత విమానస్థానంలో మూడవ అధ్యాయానికి జనపదోధ్వంసనీయమని పేరు. పాంచాలదేశంలో, కాంపిల్య నగరం చెంత, గంగాతీరాన, వేసవి చివరి రోజులలో పునర్వసు ఆత్రేయుడు శిష్యులతో కలిసి అడవిలో సంచరిస్తున్నాడు. ఆకాశం, గాలి, దిక్కులు సహజంగా లేవని గమనించాడు. ఇక భూమి కూడా ఓషధులకు తగిన రసవీర్యాలను ఇవ్వదు, కనుక అవి నశించకముందే సేకరించి పెట్టుకోండి అని శిష్యులను హెచ్చరించాడు. అప్పుడు అగ్నివేశుడు చక్కని ప్రశ్న వేశాడు. మనుషుల ప్రకృతి వేరు, ఆహారం వేరు, బలం వేరు, వయస్సు వేరు. ఇన్ని భేదాలు ఉన్నవారందరూ ఒక్కసారిగా ఒకే వ్యాధితో ఎట్లా నశిస్తారు? దానికి ఆత్రేయుడు, అందరికీ ఉమ్మడిగా ఉన్నవి నాలుగు, అవి గాలి, నీరు, నేల, కాలం, ఆ నాలుగూ చెడితే భేదాలు లెక్కకు రావు అని సమాధానం చెప్పాడు. అవి చెడడానికి మూలం ప్రజ్ఞాపరాధమే అన్నాడు. అంటే తెలిసి తెలిసి చేసే తప్పు. దేశాన్ని, నగరాన్ని నడిపించే పెద్దలు ధర్మం తప్పితే ఆ అధర్మం కిందివారికి పాకుతుందనీ, అప్పుడు వానలు వేళకు కురియవనీ, గాలులు తీరుగా వీచవనీ చెప్పాడు.

చరకునికి బొగ్గుపులుసు వాయువు లెక్కలు తెలుసునని నేను చెప్పబోవడం లేదు. అన్నీ మన గ్రంథాలలోనే ఉన్నాయిష అని గొప్పలు పోయేవారిని చూస్తే నాకు విసుగు. ఆయన చెప్పినది మహమ్మారులను గురించి. అయితే ఆ అధ్యాయంలో చికిత్స చెప్పినచోట ఒక విశేషం ఉన్నది. పంచకర్మలు, రసాయనాలతోపాటు సత్యం, భూతదయ, దానం, సద్వృత్తం, మంచివారి సాంగత్యం కూడా ఔషధాల వరుసలోనే లెక్కించాడు. ఊరంతటికీ వచ్చిన రోగానికి ఒక్కొక్కరికీ విడివిడిగా ఇచ్చే మందు చాలదని, మనుషులు ఒకరిపట్ల ఒకరు నడుచుకొనే తీరు కూడా మందేనని దీని భావం. ఆ అమ్మాయి చేయబోయే పనికి ఇంతకంటే దగ్గరి శాస్త్రాధారం నాకు కనిపించలేదు.

సత్త్వబలం మూడు విధాలు

అదే విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో రోగిని పరీక్షించే పద్ధతి ఉన్నది. శరీరబలంతోపాటు సత్త్వాన్ని, అంటే మనోబలాన్ని కూడా పరీక్షించాలి. ప్రవరసత్త్వం కలవారు పెద్ద బాధను కూడా పైకి తొణకకుండా భరిస్తారు. అవరసత్త్వం కలవారు తమను తాము నిలుపుకోలేరు, ఇతరులు నిలిపినా నిలవడం కష్టం. నడుమనున్న మధ్యమసత్త్వం కలవారి లక్షణం ఏమిటంటే, ఎదుటివారు ఓర్చుకోవడం చూసి తామూ ఓర్చుకుంటారు, లేదా ఇతరులు చేయూతనిస్తే నిలబడతారు.

నలభై ఏళ్ల వైద్యంలో నేను చూసినంతవరకు లోకంలో అధికులు ఈ మధ్యములే. మనలో చాలామందిమి అంతే. పక్కింటివారు వంట మొదలుపెడితే మనమూ పొయ్యి వెలిగిస్తాము. పక్కింటివారు గుండెలు బాదుకుంటే మనమూ కుప్పకూలుతాము. కాబట్టి ఒక ఊరి ధైర్యం అనేది ఒక్కొక్కరి గుండెలో ఉండే ధైర్యాల మొత్తం కాదు. అది ఒకరి నుంచి ఒకరికి అంటుకొనేది. ఊరిలో పదిమందిని నిలబెడితే మిగిలిన తొంభైమంది వారిని చూసి నిలబడతారు.

ఈ విషయాన్ని ఎక్కడెక్కడివారో తమ దారిలో తాము కనుగొన్నారు. ఆఫ్రికాఖండంలోని జింబాబ్వే దేశంలో మానసిక వైద్యులు వేళ్లమీద లెక్కించేంతమందే ఉండేవారు. డిక్సన్ చిబాండా అనే వైద్యుడు 2006లో హరారే నగరంలో ఆరోగ్య కేంద్రాల ఆవరణలో చెక్క బల్లలు వేయించి, వాటిపై పేటలోని అవ్వలను కూర్చోబెట్టాడు. బెంగతో వచ్చినవారు ఆ అవ్వ పక్కన కూర్చుని తమ కష్టం చెప్పుకుంటారు. అవ్వ వింటుంది, ఉన్న కష్టాలలో ఒకదానిని ఎంచుకోమంటుంది, దానికి ఈ వారం ఏమి చేయగలవో ఆలోచించమంటుంది. ఇట్లా ఆరు పర్యాయాలు. 573 మందిపై జరిపిన పరిశీలన ఫలితాలు 2016లో వెలువడ్డాయి. అవ్వల బల్ల దగ్గరకు వెళ్లినవారిలో దిగులు లక్షణాలు స్పష్టంగా తగ్గాయి. అక్కడి షోనా భాషలో ఈ వ్యాధికి కుఫుంగిసిస అని పేరట. అర్థం అతిగా ఆలోచించడం. మన శాస్త్రం అతిచింతన వల్ల రసవహ స్రోతస్సులు చెడతాయని చెప్పిన మాట నాకు వెంటనే స్ఫురించింది.

మన పొరుగున ఒరిస్సాలో 1999 అక్టోబరు 29న వచ్చిన పెనుతుఫానులో దాదాపు 10,000 మంది మరణించారు. అందరికంటే ఎక్కువ నష్టపోయినది జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని ఎరసమ ప్రాంతం. అక్కడ ఒక స్వచ్ఛంద సంస్థ స్థానిక యువతనే ఎంపిక చేసి, స్నేహకర్మీలు అని పేరు పెట్టి, అనాథలైన పిల్లలకు, వితంతువులకు, వృద్ధులకు తోడుగా నిలిపింది. ఇటువంటి పనివారికి శిక్షణ ఇవ్వడంలో బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు ముందు నిలిచారు. నేటి ఫెలోషిప్‌లకు ఇవి పూర్వరూపాలు అనుకోవచ్చును. విపత్తులలో మానసిక, సాంఘిక ఆసరా గురించి జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లో ప్రత్యేకంగా మార్గదర్శక సూత్రాలను వెలువరించింది కూడా.

దివిసీమలో చూసినది

1977 నవంబరు 19. దీపావళి వెళ్లి వారం రోజులు. ఉప్పెన ఐదు మీటర్ల ఎత్తున లేచి దివిసీమ మీద పడింది. మృతుల సంఖ్య 10,000కు తక్కువ లేదు. నాకప్పుడు పదిహేడేళ్లు, కృష్ణాజిల్లాలోనే ఒక గ్రామంలో గురువుగారి ఇంట ఉండి అష్టాంగహృదయం వల్లిస్తున్న రోజులు. నాలుగవ నాడు గురువుగారు ఎనిమిదిమంది శిష్యులను వెంటబెట్టుకొని నాగాయలంక వైపు బయలుదేరారు. సగం దూరం నడకే. శొంఠి, పిప్పళ్లు, జీలకర్ర, నువ్వులనూనె, గుగ్గిలం మూటలు మా భుజాలపై ఉన్నాయి. అక్కడ చూసిన దృశ్యాలను వర్ణించడం నాకు ఇష్టం లేదు. ఆ ఊళ్లవారు ఇంకా ఉన్నారు, ఈ పత్రిక చదువుతారు.

గురువుగారు మొదటి రోజున మందుల మూట విప్పలేదు. బావులన్నీ ఉప్పునీరు. దూరం నుంచి వచ్చే మంచినీటిని కాచి చల్లార్చి పంచడానికి ఇద్దరిని పెట్టారు. బతికి ఉన్న ఆడవారిని పిలిచి, అమ్మా, మా పిల్లలకు వంట రాదు, మీరే చేసిపెట్టాలి అన్నారు. మాకు వంట బాగానే వచ్చును. అప్పుడు అర్థం కాలేదు కాని, పొయ్యి ముందు కూర్చున్నవారి చేతులు కదలడం మొదలైన తరువాత మాటలు మొదలయ్యాయి, ఆ తరువాతనే ఏడుపులు మొదలయ్యాయి.

ఒక పెద్దాయన ఉండేవాడు. ఇంట్లో ఏడుగురిలో ఆయన ఒక్కడే మిగిలాడు. కంట తడి లేదు, నోట మాట లేదు. పెట్టినది తినేవాడు కాదు. వచ్చినవారందరూ ఆయన చుట్టూ చేరి, ఏడువు తాతా, మనసులో పెట్టుకోకు అని ఒత్తిడి చేసేవారు. గురువుగారు వారిని పంపివేశారు. కట్టెలమోపులు ఎవరూ తీసుకుపోకుండా చూడమని ఆయనకు ఒక పని అప్పగించారు. రోజూ రాత్రి ఆయన అరికాళ్లకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన చేయమని నాకు చెప్పారు. మాట్లాడవద్దు, ఆయన మాట్లాడితే విను అన్నారు. ఐదు రాత్రులు గడిచాయి. ఆరవ రాత్రి ఆయన, నీవు ఎవరి అబ్బాయివిరా అని అడిగాడు. చెప్పాను. మా చిన్నవాడికి నీ ఈడే అన్నాడు. ఆ తరువాత తెల్లవారేవరకు ఏడ్చాడు. ఎవరినీ ఆపనివ్వలేదు గురువుగారు. మరునాడు మధ్యాహ్నం ఆయన రెండు ముద్దలు తిన్నాడు.

దీనికి ఆధారం చరకం సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో ఉన్నదని తరువాత మాకు పాఠం చెప్పారు. ఆపకూడని వేగాలలో కన్నీరు ఒకటి. బాష్పాన్ని బలవంతంగా అణచుకుంటే పడిశము, నేత్రరోగం, హృద్రోగం, అరుచి, తలతిరుగుడు కలుగుతాయి. దానికి చికిత్సగా నిద్ర, మద్యం, ప్రియమైన కబుర్లు చెప్పారు. నడిమిదానిని నేటి పల్లెలలో తలవకపోవడమే మేలు, ఎవరూ చెప్పకుండానే కావలసినంత సాగుతున్నది. కాని నిద్ర, ప్రియమైన సంభాషణ అన్న రెండు మాటలను ప్రతి సేవకుడూ చేతిమీద రాసుకోవాలి. అదే అధ్యాయంలో శోకాన్ని, భయాన్ని మాత్రం అదుపులో ఉంచుకోవలసిన వేగాలుగా చెప్పారు. ఇది పరస్పర విరుద్ధంగా కనిపిస్తుంది కాని కాదు. కన్నీరు శరీరధర్మం, దానికి దారి ఇవ్వాలి. శోకం మనోవేగం, దానికి పగ్గం కావాలి. ఏడ్వనివ్వండి, కాని ఏడుపులోనే వదిలివేయకండి. చేతికి పని, పొట్టకు అన్నం, పక్కన ఒక మనిషి, ఇవి ఆ పగ్గం.

ఏడ్పించడానికి ప్రయత్నించకూడదు అన్నది కూడా ఇందులోనే ఉన్నది. విపత్తు జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి జరిగినదంతా వివరంగా చెప్పించే పద్ధతి ఒకటి పాశ్చాత్య దేశాలలో చాలాకాలం నడిచింది. దానివల్ల మేలు కనిపించలేదని పరిశోధనలలో తేలగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు దానిని సిఫారసు చేయడం లేదు. 2011లో ఆ సంస్థ వెలువరించిన చిన్న పుస్తకంలో సేవకులకు మూడే పనులు చెప్పారు. పరిస్థితిని చూడు, చెప్పినంత విను, కావలసిన సహాయంతో కలుపు.

రానున్నదాని భయం

జరిగిన కష్టం ఒకటైతే, జరగబోయేదాని గురించిన బెంగ మరొకటి. ఇది యువతలో ఎక్కువగా కనిపిస్తున్నది. మన దేశంతో సహా 10 దేశాలలో 16 నుంచి 25 ఏళ్ల మధ్య వయస్సుగల 10,000 మందిని ప్రశ్నించి 2021లో వెలువరించిన ఒక అధ్యయనంలో, 59 శాతం మంది వాతావరణ మార్పు గురించి తీవ్రంగా ఆందోళన చెందుతున్నట్లు చెప్పారు. ఆ ఆందోళన తమ నిత్యజీవితాన్ని పాడుచేస్తున్నదని 45 శాతానికి పైగా అన్నారు. పెద్దలు దీనిని వయసు చేష్టగా కొట్టివేయరాదు. బిడ్డ చెప్పే భయంలో నిజం ఉన్నది. నిజమైన భయానికి "ఏమీ కాదులే" అన్న మాట మందు కాదు. "అవును, కష్టమే, మన చేతిలో ఉన్నది ఏమిటో చూద్దాము" అన్నది మందు.

విషాదం వ్యాధులను పెంచేవాటిలో మొదటిదని చరకుడు అన్నాడు. చింత, శోకం, భయం, జాగరణ ఉన్నప్పుడు హితమైన ఆహారాన్ని మితంగా తిన్నా జీర్ణం కాదని కూడా అన్నాడు. దిగులుతో వచ్చే కడుపు ఉబ్బరానికి, మలబద్ధానికి జీర్ణమాత్రలు మింగేవారు ఇది గమనించాలి. భయశోకాల వల్ల వాయువు ప్రకోపిస్తుంది. వాయువును శాంతింపజేసేవి స్నిగ్ధత, వెచ్చదనం, వేళ తప్పని దినచర్య. వారానికి రెండుసార్లు నువ్వులనూనెతో అభ్యంగనం, రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్లకు నూనె, వేళకు వేడి అన్నం. నిద్ర పట్టించేవాటిలో గేదెపాలు శ్రేష్ఠమని శాస్త్రం. రాత్రి భోజనమైన గంటకు ఒక చిన్న గ్లాసు గోరువెచ్చని గేదెపాలు తీసుకోవచ్చును. మధుమేహం ఉన్నవారు చక్కెర కలపకుండా, కఫప్రకృతివారు, పాలు పడనివారు మానివేసి తీసుకోరాదు కనుక వారికి పాదాభ్యంగం చాలు. పడకలో ఫోను చూడడం, అందులో వరదల బొమ్మలు ఒకటి తరువాత ఒకటి చూడడం కంటే నిద్రకు శత్రువు లేదు. వార్తలు పగలు చూడండి, ఒకసారి చాలు.

ఇక చూర్ణాల మాట. అశ్వగంధ, బ్రాహ్మి, జటామాంసి మంచి మూలికలే. కాని ఊరికి ఒక డబ్బా చొప్పున పంచవలసినవి కావు. గర్భిణులు, థైరాయిడ్ వ్యాధి, కాలేయ వ్యాధి ఉన్నవారు, నిద్రమాత్రలు వాడుతున్నవారు వైద్యుని అడగనిదే అశ్వగంధ తీసుకోరాదు. జాజికాయను నిద్రకోసం ఎక్కువగా అరగదీసి ఇచ్చే అలవాటు కొన్ని ఇళ్లలో ఉన్నది. మోతాదు మించితే అది విషతుల్యం. ఆ అమ్మాయి సంచిలో నేను పెట్టించినవి నువ్వులనూనె, శొంఠి, జీలకర్ర, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, ఒక నోటుపుస్తకం. నోటుపుస్తకం ఎందుకంటే, ఎవరు ఎన్ని రాత్రులుగా నిద్రపోలేదో, ఎవరు అన్నం మానివేశారో రాసుకోవడానికి. వింటున్నవారు రాసుకోకపోతే పదిమంది కష్టాలు ఒకటిగా కలిసిపోతాయి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఇంటి వైద్యం ఆపి వెంటనే మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. బతికి లాభం లేదన్న మాట నోటివెంట రావడం, రెండు వారాలు దాటినా నిద్రాహారాలు సరిపడకపోవడం, లేని మాటలు వినిపించడం, పసిబిడ్డను దగ్గరకు తీసుకోకపోవడం, తాగుడు హఠాత్తుగా పెరగడం. పురుగులమందు ఇంట్లో ఉంటే ముందు దానిని అక్కడినుంచి తీయించాలి. ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేస్తే రాత్రింబవళ్లు, తెలుగులో కూడా, ఉచితంగా మాట్లాడతారు. ఆయుర్వేద వైద్యుడనైన నేను ఈ సంఖ్యను నా గదిలో గోడమీద పెద్ద అక్షరాలతో రాయించాను.

సేవకులకు రెండు మాటలు

ఈ ఫెలోషిప్‌ల విషయంలో నాకొక అనుమానం ఉన్నది, దాచడం ఎందుకు? నష్టపరిహారం అందని రైతుకు, పడవ పోయిన మత్స్యకారునికి మనోబలం నేర్పుతామని వెళ్లితే అది వెక్కిరింత అవుతుంది. సత్త్వావజయ చికిత్స అంటే మనస్సును అహితమైన విషయాల నుంచి మళ్లించడమే కాని, అన్యాయానికి అలవాటు చేయడం కాదు. దరఖాస్తు నింపిపెట్టడం, తహసీల్దారు కార్యాలయానికి వెంట వెళ్లడం కూడా మానసిక చికిత్సలో భాగమే. గురువుగారి పొయ్యి, నీళ్లు ముందు వచ్చి, శాస్త్రం తరువాత వచ్చినది ఇందుకే. రెండవది, ఏడాది తిరగగానే భృతి ఆగిపోయి వచ్చినవారు వెళ్లిపోతారు. ఊరిలో ఉండిపోయేవారు ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, డ్వాక్రా సంఘంలోని అక్కలు. బయటినుంచి వచ్చిన యువకులు వారికి నేర్పి వెళ్లగలిగితేనే ఆ ఏడాది సార్థకం. అంతకంటే, వారి వద్ద నేర్చుకోగలిగితే మరీ మంచిది.

సేవచేసేవారి మనస్సు కూడా అరుగుతుంది. వైద్యుని నడవడి నాలుగు విధాలని చరకుడు అన్నాడు. అందరిపట్ల మైత్రి, బాధపడేవారిపట్ల కారుణ్యం, బాగుచేయగలిగిన రోగం పట్ల ప్రీతి, మృత్యువుకు చేరువైనవారిపట్ల ఉపేక్ష. ఉపేక్ష అంటే నిర్లక్ష్యమని నేటి అర్థం, కాని ఇక్కడ అది కాదు. తన చేతిలో లేనిదానిని తన భుజానికి ఎత్తుకోకపోవడం. ఇరవైమూడేళ్ల పిల్లలకు ఇది అన్నిటికంటే కష్టం. పగలు ఎంత విన్నా, చీకటి పడిన తరువాత తన తోటివారితో అరగంట మాట్లాడాలి, స్నానం చేయాలి, వేళకు పడుకోవాలి. వారానికి ఒకరోజు ఎవరి కష్టమూ వినరాదు.

ముందే సేకరించి పెట్టుకొమ్మని ఆత్రేయుడు చెప్పినది ఓషధుల గురించే అయినా, అది మిగిలినవాటికీ వర్తిస్తుంది. హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినది 2014 అక్టోబరు 12న. తిత్లీ శ్రీకాకుళాన్ని ముంచినది 2018 అక్టోబరులో. మన తీరానికి ఆశ్వయుజ, కార్తీక మాసాలు భయం. కాబట్టి వినాయకచవితి వెళ్లగానే ఇంట్లో ఒక పెట్టె సిద్ధం చేసుకోవాలి. నిత్యం వాడే బి.పి., షుగరు మందులు రెండు వారాలకు సరిపడా, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, శొంఠి, నూనె సీసా, టార్చిలైటు, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన రేషను కార్డు, ఆధారు, పట్టాదారు పుస్తకం నకళ్లు. పిల్లలున్న ఇంట్లో వారికి ఇష్టమైన ఒక ఆటవస్తువు కూడా పెట్టండి, పునరావాస కేంద్రంలో దానివిలువ తెలుస్తుంది. పెట్టె మూత లోపలివైపున వీధిలో ఒంటరిగా ఉండే వృద్ధుల పేర్లు రాసి, హెచ్చరిక వచ్చిన నాడు ఏ ఇంటి తలుపు ఎవరు తట్టాలో ఇంట్లో అందరూ కూర్చుని ముందే పంచుకోవాలి.